అయోర్టా చీలిక: వింత లక్షణాలు, ఆపరేషన్, ఆ తర్వాతి జీవితం – తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఒకరికి "అయోర్టా చీలింది" అని డాక్టర్ చెప్పాక బంధువులు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు కుటుంబాల నుంచి మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలను ఇక్కడ దశలవారీగా పెట్టాం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. ఇప్పుడే, ఈ నిమిషంలోనే ఎవరికైనా హఠాత్తుగా తీవ్రమైన నొప్పి మొదలై ఉంటే ఇది చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి.

## జబ్బు గురించి

అయోర్టా చీలడమంటే రక్తనాళం పగిలిపోయినట్టేనా?

ఇంకా పగల్లేదు, పగిలే ప్రమాదంలో ఉంది. గుండె నుంచి బయల్దేరి, ఛాతీలో వంపు తిరిగి, వెన్నెముక పక్కనే కడుపులోకి దిగే అతి పెద్ద ధమని అయోర్టా. తెలుగులో బృహద్ధమని. దాని గోడకు మూడు పొరలుంటాయి. లోపలి పొరలో చీలిక పడితే రక్తం మధ్య పొరలోకి దూరుతుంది. సంచి లైనింగ్ చిరిగితే చిల్లర పైసలు లైనింగ్‌కూ బట్టకూ మధ్యకు జారిపోతాయి చూడండి, అలా. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఆ రక్తం పొరలను ఇంకాస్త విడదీస్తూ ముందుకు పోతుంది. అసలు దారి పక్కనే ఒక దొంగ దారి తయారవుతుంది. అది ఉబ్బి అసలు దారిని నొక్కితే మెదడుకో, కాలికో, పేగులకో, కిడ్నీకో రక్తం ఆగిపోతుంది. బయటి పొర కూడా తెగితే నిమిషాల్లో ప్రాణం పోతుంది.

రిపోర్టులో టైప్ ఏ అని రాశారు. టైప్ బీ అంటే తక్కువ ప్రమాదమా?

గుండెను ఆనుకుని పైకి వెళ్లే భాగంలో చీలిక ఉంటే టైప్ ఏ. ఆ భాగం బాగుండి, కిందికి దిగే భాగంలో చీలితే టైప్ బీ. 1970లో స్టాన్‌ఫోర్డ్ డాక్టర్లు ఇచ్చిన ఈ విభజనే ఇప్పటికీ వాడుతున్నారు, ఎందుకంటే వైద్యం దీని మీదే ఆధారపడి ఉంటుంది. టైప్ ఏకి వెంటనే ఆపరేషన్ కావాలి. టైప్ బీలో చాలామందికి ముందు మందులతో బీపీ దించుతారు. టైప్ బీ కూడా ఐసీయూలో ఉంచాల్సిన జబ్బే, వార్డులో పడుకోబెట్టి చూసేది కాదు.

ఇది ఎవరికి వస్తుంది? మావోళ్లకు షుగర్ కూడా లేదు.

షుగర్ కంటే బీపీదే ప్రధాన పాత్ర. ఈ జబ్బు వచ్చినవాళ్లలో సుమారు నాలుగింట మూడొంతుల మందికి బీపీ ఉంటుంది. ఎక్కువగా 60 ఏళ్లు దాటిన మగవాళ్లు. పొగ తాగేవాళ్లలో, కుటుంబంలో ఇంతకుముందు ఎవరికైనా వచ్చినవాళ్లలో ముప్పు ఎక్కువ.

40 ఏళ్లలోపు వస్తే వేరే కారణం వెతకాలి. పుట్టుకతో గుండె కవాటానికి మూడు రెక్కలకు బదులు రెండే ఉండటం ఒకటి. ఇంకొకటి మార్ఫాన్ సిండ్రోమ్: మనిషి బాగా పొడవు, వేళ్లు సన్నగా పొడవుగా, కంటి లెన్స్ పక్కకు జరగడం లాంటివి ఉంటాయి. గర్భం చివరి నెలల్లో, కాన్పయిన కొత్తలో కూడా కొందరికి వస్తుంది. బాలింత ఛాతీ నొప్పిని, వీపు నొప్పిని "నీరసం" అని కొట్టిపారేయొద్దు.

చలికాలంలో, అందులోనూ ఉదయం పూట ఈ కేసులు ఎక్కువని అంతర్జాతీయ లెక్కలు చెబుతున్నాయి. సిర్పూర్(యూ), తిర్యాణి లాంటి చోట్ల చలి ఎట్లుంటదో మనకు తెలిసిందే. ఆ నెలల్లో బీపీ గోలీలు అయిపోకుండా చూసుకోవాలి.

## లక్షణాలు

ఇది గ్యాస్ నొప్పా, గుండెపోటా, అయోర్టా నొప్పా? ఎలా తెలుస్తుంది?

ఎలా మొదలైందో గుర్తు తెచ్చుకోండి. గుండెపోటు నొప్పి చాలాసార్లు మెల్లగా పెరుగుతుంది, ఛాతీ మీద బరువు పెట్టినట్టుంటుంది. గ్యాస్ నొప్పి వస్తూ పోతూ ఉంటుంది. అయోర్టా నొప్పి మొదలైన క్షణంలోనే పూర్తి స్థాయిలో ఉంటుంది. చాలామంది అప్పుడేం చేస్తున్నారో కూడా చెప్పగలరు: "మోటర్ ఆన్ చేస్తున్న", "బస్సు ఎక్కుతున్న", "స్నానం చేస్తున్న".

పుస్తకాల్లో "చీల్చినట్టు నొప్పి" అని ఉంటుంది గానీ, కత్తితో పొడిచినట్టుందని చెప్పేవాళ్లే ఎక్కువ. ఛాతీలో మొదలై వీపులో రెండు రెక్క ఎముకల మధ్యకు, అక్కడి నుంచి నడుములోకి, కడుపులోకి దిగడం ఇంకో గుర్తు. చీలిక కిందికి పాకుతుంటే నొప్పి కూడా దాని వెంటే దిగుతుంది.

ఈ పేజీలో ఒక్క విషయమే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి: హఠాత్తుగా వచ్చిన నొప్పితో పాటు, దానికి సంబంధమే లేదనిపించే ఇంకో చోట తేడా కనిపిస్తే, అంటే చేయి పడిపోయినా, కాలు చల్లబడినా, మాట తడబడినా, కళ్లు తిరిగి పడిపోయినా, అయోర్టాను అనుమానించాలి. ఎక్కడెక్కడివో రెండు కష్టాలు ఒకేసారి వచ్చాయంటే, ఆ రెండు చోట్లకూ రక్తం తీసుకుపోయే నాళాన్ని చూడాల్సిందే.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించాం, నొప్పి తగ్గింది. ఇక భయం లేదు కదా?

ఉంది. నొప్పి తగ్గినంత మాత్రాన చీలిక మూసుకోదు. మొదటి చీలిక పాకడం ఆగితే సూది వేయకపోయినా నొప్పి తగ్గొచ్చు. తర్వాత కొన్ని గంటలకో, రెండు రోజులకో బయటి పొర తెగొచ్చు. మనిషి లేచి చాయ్ తాగి, "ఇప్పుడు బానే ఉంది, పొద్దున చూద్దాం" అనే ఆ విరామమే అన్నిటికంటే మోసకారి. నొప్పి హఠాత్తుగా, ఎన్నడూ ఎరగనంత తీవ్రంగా వచ్చి ఉంటే, తగ్గినా సరే అదే రోజు సీటీ స్కాన్ ఉన్న దవాఖానకు తీసుకెళ్లండి. ఆర్‌ఎంపీని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. రాత్రి పూట ఊళ్లో అందుబాటులో ఉండేది ఆయనే. "నొప్పి ఒక్కసారిగా వచ్చింది" అన్న మాట ఆయనకు చెప్పండి, ఆయన పంపే చీటీలో కూడా రాయించండి.

మా బాపుకు ఛాతీ నొప్పే రాలేదు. కాలు చల్లబడి నడవలేకపోయిండు. అది గుండె దగ్గరి జబ్బు ఎట్లయితది?

దొంగ దారి కడుపు దాకా దిగి, అక్కడ రెండు కాళ్లకూ చీలే నాళాల్లో ఒకదాన్ని నొక్కేస్తే ఇలా అవుతుంది. కాలు ఒక్కసారిగా తెల్లబారుతుంది, ముట్టుకుంటే రెండో కాలి కంటే చల్లగా ఉంటుంది, తిమ్మిరెక్కుతుంది, పాదం పైన నాడి దొరకదు. చూసినవాళ్లకు కాలిలో రక్తం గడ్డ అడ్డుపడినట్టే ఉంటుంది. గడ్డే అనుకుని కాలు ఒక్కటే ఆపరేషన్ చేస్తే అసలు జబ్బు పైన అలాగే ఉంటుంది.

ఇంకొందరికి రెండు కాళ్లూ ఒకేసారి చచ్చుబడతాయి. వెన్నుపాముకు రక్తం ఇచ్చే చిన్న కొమ్మలు అయోర్టా నుంచే వస్తాయి. అవి మూసుకుంటే నడుము కింద స్పర్శ పోతుంది, మూత్రం ఆగిపోతుంది. డిస్క్ జారిందనుకుని వెన్నెముక స్కాన్ తీయించి, అక్కడేమీ కనిపించక సమయం పోగొట్టుకున్న సందర్భాలు వైద్య సాహిత్యంలో చాలానే ఉన్నాయి.

పక్షవాతం అని తీసుకొస్తే అయోర్టా అన్నారు. ఇదెలా సాధ్యం?

మెదడుకు పోయే నాళాలు అయోర్టా వంపు నుంచే పుడతాయి. చీలిక వాటిలోకి పాకితే మూతి వంకర పోవడం, మాట పడిపోవడం, ఒక పక్క చేయి, కాలు పడిపోవడం జరుగుతాయి. రోగి మాట్లాడలేడు కాబట్టి ఛాతీ నొప్పి వచ్చిందని కూడా చెప్పలేడు. అందుకే పక్కనున్నవాళ్ల మాట చాలా విలువైనది. పడిపోయే ముందు ఛాతీ పట్టుకున్నాడా, వీపు పట్టుకున్నాడా, "అమ్మో" అని అరిచాడా, ఇవన్నీ డాక్టర్‌కు తప్పక చెప్పండి. పక్షవాతానికి నాలుగున్నర గంటలలోపు ఇచ్చే గడ్డ కరిగించే మందు అయోర్టా చీలిన మనిషికి ప్రాణాంతకం కావచ్చు. ఆ సూది వేసే ముందు రెండు చేతుల బీపీ చూడటం ఒక నిమిషం పని.

కడుపు నొప్పి, కిడ్నీలో రాయి నొప్పిలా కూడా వస్తుందా?

వస్తుంది. పేగులకు రక్తం ఆగితే కడుపులో భరించలేని నొప్పి, వాంతులు ఉంటాయి. కానీ డాక్టర్ నొక్కి చూస్తే పొట్ట మెత్తగానే ఉంటుంది. నొప్పికీ పొట్టకూ పొంతన కుదరకపోవడమే అక్కడ అనుమానించాల్సిన విషయం. కిడ్నీ నాళం మూసుకుంటే ఒక పక్క నడుము నొప్పి, మూత్రంలో రక్తం కనిపించి అచ్చం రాయి నొప్పిలాగే ఉంటుంది. 60 దాటిన బీపీ రోగికి జీవితంలో మొదటిసారి "రాయి నొప్పి" వస్తే, స్కానింగ్‌లో రాయి కనిపించకపోతే, అంతటితో వదిలేయకూడదు.

ఇంకా ఎలాంటి వింత లక్షణాలు ఉంటాయి?

హఠాత్తుగా గొంతు బొంగురుపోవడం (ఉబ్బిన అయోర్టా స్వరపేటిక నరాన్ని నొక్కితే). ఒక కంటి రెప్ప వాలి, ఆ కంటి పాప చిన్నదవడం. ముద్ద మింగలేకపోవడం. దవడ నొప్పి. కవాటం దెబ్బతిని ఉన్నట్టుండి ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం. గుండె చుట్టూ ఉన్న సంచిలోకి రక్తం చేరి బీపీ పడిపోయి స్పృహ తప్పడం. ఇవి అరుదు. కానీ బీపీ ఉన్న మనిషికి వీటిలో ఏదైనా ఒక్క క్షణంలో మొదలైతే డాక్టర్ అయోర్టా గురించి ఆలోచించాలి.

అసలు నొప్పే లేకుండా చీలుతుందా?

చీలుతుంది. అయోర్టా చీలిక కేసుల వివరాలు సేకరించే, 1996లో మొదలైన అంతర్జాతీయ రిజిస్ట్రీ లెక్కల్లో 100 మందిలో సుమారు ఆరుగురికి నొప్పి లేదు. వీళ్లు స్పృహ తప్పడం, పక్షవాతం, ఆయాసంతో వస్తారు. నొప్పి లేనందువల్ల ఆలస్యంగా తెలుస్తుంది, మరణాలూ వీళ్లలోనే ఎక్కువ.

## పరీక్షలు

ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే నార్మల్ అన్నారు. అయినా సీటీ ఎందుకు?

ఈ రెండూ నార్మల్‌గా ఉన్నా అయోర్టా చీలి ఉండొచ్చు. ఈసీజీ గుండె కండరం సంగతి చెబుతుంది, నాళం గోడ సంగతి చెప్పదు. ఛాతీ మీద నుంచి చేసే మామూలు ఎకోలో కొన్నిసార్లు చీలిన పొర ఊగుతూ కనిపిస్తుంది, కొన్నిసార్లు కనిపించదు. కనిపిస్తే నమ్మొచ్చు, కనిపించలేదని ఊరుకోకూడదు. డీ-డైమర్ అనే రక్తపరీక్ష, ముప్పు తక్కువున్నవాళ్లలో జబ్బు లేదని చెప్పడానికి పనికొస్తుంది. ఉందని తేల్చడానికి పనికిరాదు. తేల్చేది మందు ఎక్కించి తీసే సీటీ యాంజియోగ్రామ్. మెడ నుంచి తొడల దాకా ఒకేసారి తీస్తే చీలిక ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోయిందో తెలుస్తుంది.

సీటీ మందుతో కిడ్నీ పాడవుతుందని విన్నాం. వద్దనొచ్చా?

క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్లకు కొంత ముప్పు ఉన్న మాట నిజమే. కానీ టైప్ ఏ చీలికను కనిపెట్టకపోతే పోయేది ప్రాణం. అనుమానం గట్టిగా ఉన్నప్పుడు కిడ్నీ రిపోర్టు కోసం సీటీ ఆపరు.

గుండెపోటు అనుకుని గడ్డ కరిగించే సూది వేస్తే ఏమవుతుంది?

చీలిన గోడ దగ్గర రక్తస్రావం పెరుగుతుంది, గుండె చుట్టూ రక్తం చేరొచ్చు, ఆపరేషన్ టేబుల్ మీద రక్తం ఆపడం చాలా కష్టమవుతుంది. ఇక్కడ ఒక చిక్కుంది. కొద్దిమందిలో చీలిక గుండెకు రక్తమిచ్చే నాళం మొదలు దాకా వెనక్కి పాకి నిజంగానే గుండెపోటు తెస్తుంది. ఈసీజీలో అచ్చమైన గుండెపోటే కనిపిస్తుంది. డాక్టర్‌ను అది తప్పుదారి పట్టించడంలో ఆశ్చర్యం లేదు. అలాగని ఛాతీ నొప్పి వచ్చిన ప్రతివాళ్లకూ సూది ఆపితే మామూలు గుండెపోటు రోగులు నష్టపోతారు, ఎందుకంటే వాళ్లే ఎన్నో రెట్లు ఎక్కువ. ముందే ఆస్పిరిన్ వేసుకుని ఉంటే, అంతమాత్రాన ఆపరేషన్ మానుకోరు.

క్యాజువాలిటీలో మేం ఏం అడగాలి?

మర్యాదగా రెండు మాటలు: "సార్, రెండు చేతుల బీపీ చూస్తారా? అయోర్టా అయ్యే అవకాశం ఉందా?" రెండు చేతుల మధ్య పై బీపీలో (బీపీ రెండు అంకెల్లో పెద్దది) 20 పాయింట్లకు మించి తేడా ఉంటే అనుమానం పెరుగుతుంది. మీరు కూడా రోగి రెండు మణికట్లనూ ఒకేసారి పట్టుకుని, బొటనవేలి వైపు రెండేసి వేళ్లు ఆనించి చూడొచ్చు. ఒక పక్క నాడి గట్టిగా తగులుతూ, రెండో పక్క అందీ అందనట్టుంటే వెంటనే చెప్పండి. రెండు పక్కలా సమానంగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదనుకోవద్దు. చాలామందిలో సమానంగానే ఉంటుంది.

## తరలింపు, ఖర్చు

హైదరాబాద్‌కు తీసుకెళ్లమన్నారు. దారిలో ఏమైనా అయితే?

ఆ ముప్పు ఉంది. చికిత్స లేని టైప్ ఏలో మొదటి రెండు రోజులు గంట గంటకూ మరణాల ముప్పు పెరుగుతుంది. గంటకు 1 నుంచి 2 శాతం అన్నది పాత లెక్క, కొత్త లెక్కల్లో అంతకంటే తక్కువ. అయినా కదలాలి, ఎందుకంటే ఈ ఆపరేషన్‌కు గుండె సర్జన్, హార్ట్-లంగ్ మెషీన్ (ఆపరేషన్ సమయంలో గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం), అనుభవమున్న బృందం అన్నీ ఒకేచోట ఉండాలి.

వరంగల్ నుంచి హైదరాబాద్ సుమారు 150 కిలోమీటర్లు, ఆదిలాబాద్ నుంచి దాదాపు 300. బయల్దేరే ముందే చేరబోయే ఆసుపత్రికి ఫోన్ చేసి, బెడ్, సర్జన్ ఉన్నారని ఖాయం చేసుకోండి. ఒకచోటికి పోయి "ఇక్కడ చేయం" అనిపించుకుని ఇంకోచోటికి తిరిగే గంటలు తిరిగి రావు. సీటీ రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, స్కాన్ సీడీ అడిగి తీసుకోండి. ముఖ్యమైన బొమ్మలు ముందే వాట్సాప్‌లో పంపమని డాక్టర్‌ను అడగండి. అంబులెన్స్‌లో మానిటర్, బీపీ దించే మందు పంప్ మీద నడవాలి. నొప్పికి మందు ఇవ్వాలి, నొప్పి ఉంటే బీపీ దిగదు. రోగిని నడిపించొద్దు, ముక్కనివ్వొద్దు, ఏడుస్తూ మీద పడొద్దు. ఇంట్లోవాళ్ల టెన్షన్ అర్థం చేసుకోదగ్గదే, కానీ రోగి గుండె వేగం పెరిగిన ప్రతిసారీ చీలిక మీద దెబ్బ పడుతుంది. రక్తం ఇవ్వగల ఇద్దరు ముగ్గురు వేరే బండిలో వెనకాలే రావడం మంచిది.

ఆరోగ్యశ్రీ పని చేస్తుందా?

2023 డిసెంబరు నుంచి తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు. అత్యవసర కేసుల్లో ముందు చేర్చుకుని ఫోన్ ద్వారా అనుమతి తీసుకునే పద్ధతి ఉంది. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను మొదటి గంటలోనే కలవండి. ఏ ఆపరేషన్, ఏ గ్రాఫ్ట్, ఏ స్టెంట్ ప్యాకేజీలోకి వస్తాయో అక్కడే అడిగి తేల్చుకోండి. వివరాలకు 104. ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఎల్‌ఓసీ (ఖర్చుకు ముందుగా ఇచ్చే హామీ పత్రం) కోసం ఆసుపత్రి ఇచ్చే అంచనా పత్రం కావాలి. సింగరేణి కార్మికులైతే కంపెనీ రిఫరల్ లెటర్ సంగతి ఒకరు చూసుకోండి, రోగితో ఇంకొకరు బయల్దేరండి.

## ఆపరేషన్

మందులతో తగ్గించలేరా? కోయాల్సిందేనా?

టైప్ ఏకి మందులతో నయం చేసే దారి లేదు. మందులు ఆపరేషన్ దాకా కాపాడతాయి, అంతే. ముందు బీటా బ్లాకర్ ఇచ్చి గుండె వేగాన్ని నిమిషానికి 60కి దగ్గరగా, పై బీపీని 100–120 మధ్యకు తెస్తారు. ఈ వరుస ముఖ్యం. గుండె వేగం తగ్గించకుండా బీపీ ఒక్కటే దించితే గుండె ఇంకా గట్టిగా కొట్టుకుంటుంది.

టైప్ బీలో ఏ అవయవానికీ రక్తం ఆగకపోతే, నొప్పి తగ్గితే, మందులే మొదటి వైద్యం. పేగులు, కిడ్నీ, కాలు దెబ్బతింటున్నా, నాళం ఉబ్బుతున్నా, పగిలే సూచనలున్నా స్టెంట్ గ్రాఫ్ట్ (బట్ట తొడిగిన లోహపు జాలీ గొట్టం) వేస్తారు.

ఆపరేషన్‌లో అసలేం చేస్తారు?

ఛాతీ మధ్య ఎముకను నిలువునా కోసి, చంకలోని లేదా తొడలోని ధమని ద్వారా రోగిని హార్ట్-లంగ్ మెషీన్‌కు కలుపుతారు. ఒళ్లు చల్లబరుస్తారు. ఎంత చల్లగా అన్నది కేసును బట్టి, సాధారణంగా 18 నుంచి 28 డిగ్రీల మధ్య. వంపు దగ్గర కుట్టేటప్పుడు కాసేపు ఒంట్లో రక్తప్రసరణ మొత్తం ఆపాలి. ఆ కాసేపు మెదడుకు మాత్రం విడిగా రక్తం పంపిస్తారు. మెదడు బతికుండటానికి ఆ చలి, ఆ విడి రక్తమే ఆధారం.

చీలిక మొదలైన భాగాన్ని కత్తిరించి, అక్కడ డాక్రాన్ గొట్టం పెట్టి కుడతారు. అది తెల్లగా, ముడతలు ముడతలుగా ఉండే పాలిస్టర్ గొట్టం. కష్టమంతా కుట్టు దగ్గరే. చీలిన గోడ ఎంత పలచబడి ఉంటుందంటే దారం లాగితే కోసుకుపోతుంది. అందుకే గోడకు లోపలా బయటా మెత్తటి ఫెల్ట్ పట్టీలు పెట్టి, వాటిని కలుపుకుని కుడతారు. చాలావరకు ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. థియేటర్ నుంచి కబురు రాకపోతే చెడు జరిగిందని అనుకోవద్దు. గొట్టం పెట్టాక కుట్ల దగ్గర రక్తం ఆపడానికే చాలా సమయం పోతుంది.

బెంటాల్ ఆపరేషన్ అన్నారు. అది వేరేనా?

చీలిక కవాటం దాకా దిగి మొదలు భాగం పాడైతే కవాటం, మొదలు, పైభాగం మూడూ మారుస్తారు. గుండెకు రక్తమిచ్చే నాళాలను కొత్త గొట్టానికి తిరిగి అతికిస్తారు. 1968లో బెంటాల్ అనే బ్రిటిష్ సర్జన్ వివరించిన పద్ధతి ఇది. కవాటం బాగుండి కేవలం జారి ఉంటే, దాన్నే పైకి లాగి కుట్టి ఉంచుతారు.

తొడ దగ్గర చిన్న రంధ్రంతో స్టెంట్ వేస్తే సరిపోదా?

కిందికి దిగే అయోర్టాకు సరిపోతుంది. 1999 నుంచి చీలికలకు ఈ పద్ధతి వాడుకలోకి వచ్చింది. గుండె పక్కనే ఉండే పైభాగంలో కవాటం, గుండె నాళాలు, మెదడు నాళాలు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి అక్కడ ప్రామాణిక వైద్యం ఇప్పటికీ తెరిచి చేసే ఆపరేషనే.

బతికే అవకాశం ఎంత? మా అవ్వకు 75 ఏళ్లు.

పెద్ద లెక్కల్లో టైప్ ఏ ఆపరేషన్ చేయించుకున్న 100 మందిలో సుమారు 15 నుంచి 25 మంది ఆసుపత్రిలోనే చనిపోతున్నారు. ఆపరేషన్ లేకుండా మందులతో ఉంచినవాళ్లలో సగానికి పైగా. కాబట్టి ముప్పు పెద్దదే అయినా, చేయించకపోవడం అంతకంటే పెద్ద ముప్పు. వయసు ఒక్కటే అడ్డంకి కాదు. ఈ ఆపరేషన్‌కు బాటలు వేసిన సర్జన్ మైకేల్ డెబేకీకే 2005 చివర్లో, 97 ఏళ్ల వయసులో అయోర్టా చీలింది. 2006 ఫిబ్రవరిలో ఆపరేషన్ చేశారు. నెలల తరబడి ఆసుపత్రిలో ఉండి కోలుకుని, 2008లో 99 ఏళ్లకు కన్నుమూశారు. అందరికీ అలా జరుగుతుందని కాదు. అవ్వ ఇంతకుముందు తన పనులు తాను చేసుకునేదా, కిడ్నీలు ఎలా ఉన్నాయి, మెదడుకు దెబ్బ తగిలిందా అన్నవి సర్జన్‌తో విడిగా మాట్లాడండి. వద్దనుకోవడం కూడా ఒక నిర్ణయమే, దానికి ఎవరూ సిగ్గుపడక్కర్లేదు.

## ఇంటికొచ్చాక

బీపీ గోలీలు ఎన్నాళ్లు?

జీవితాంతం. ఆపరేషన్‌లో పైభాగమే మారుతుంది, కింద దొంగ దారి చాలామందిలో అలాగే మిగులుతుంది. బీపీ పెరిగితే అది ఉబ్బుతుంది. ఇంట్లో ఒక బీపీ మిషన్ కొని నోట్‌బుక్‌లో రాసుకోండి. ఏ చేతిలో ఎక్కువొస్తే ఆ చేతి లెక్కే పరిగణించాలి. సబ్‌సెంటర్‌లో గోలీలు దొరకని నెల కూడా మానొద్దు, కొనుక్కోండి.

పొలం పని, బస్తాలు మోయడం చేయొచ్చా?

ఛాతీ ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. అప్పటిదాకా బండి నడపొద్దు. నడక మంచిది. పత్తి బోరెం, యూరియా బస్తా ఎత్తడం మాత్రం ఇక మానేయాలి. ఊపిరి బిగబట్టి బరువెత్తిన క్షణంలో బీపీ విపరీతంగా లేస్తుంది. మలబద్ధకం కూడా ఇలాంటిదే, డాక్టర్‌ను అడిగి మందు వాడండి. హమాలీ పనో, గల్ఫ్‌లో బరువు పనో చేసే మనిషైతే పని మార్చుకోవాలి. చెప్పడానికి మాకు బాధగానే ఉంటుంది, ఇంటికి అది ఎంత కష్టమో తెలుసు.

అసిట్రోమ్ వాడుతుంటే గోంగూర తినొద్దా?

అసిట్రోమ్ రక్తం గడ్డకట్టకుండా చూసే గోలీ. లోహపు కవాటం పెట్టినవాళ్లకే ఇది జీవితాంతం. డాక్రాన్ గొట్టం ఒక్కటే అయితే సాధారణంగా అక్కర్లేదు. ఆకుకూరలు పూర్తిగా మానక్కర్లేదు, వారం వారం ఒకే మోతాదులో తినండి. ఒక వారం రోజూ పాలకూర, తర్వాత రెండు వారాలు అసలే లేకపోతే ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే పరీక్ష లెక్క) ఎగుడుదిగుడు అవుతుంది. కవాటం మార్చినవాళ్లు పన్ను తీయించుకునే ముందు ఆ సంగతి డెంటిస్టుకు చెప్పాలి.

జ్వరానికి, మూత్రంలో మంటకు ఏ గోలీలైనా వేసుకోవచ్చా?

సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ రకం మందులు వద్దు. అయోర్టా జబ్బున్నవాళ్లకు వేరే మందు ఉండగా ఇవి వాడొద్దని అమెరికా ఔషధ సంస్థ 2018 డిసెంబరులో హెచ్చరించింది. ఇవి మన మెడికల్ షాపుల్లో చాలా తేలిగ్గా దొరుకుతాయి. "నాకు అయోర్టా ఆపరేషన్ అయింది" అని రాసిన కాగితం జేబులో పెట్టుకోండి.

బానే ఉన్నా మళ్లీ మళ్లీ సీటీ ఎందుకు?

మిగిలిన భాగం ఉబ్బినా నొప్పి ఉండదు. స్కాన్‌లోనే తెలుస్తుంది. మొదటి ఏడాది కొన్ని నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి తీస్తారు. పాత సీడీలన్నీ దాచండి, పోల్చి చూడటానికి అవే కావాలి.

పిల్లలకు కూడా పరీక్ష చేయించాలా?

తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలకు ఒకసారి ఎకో చేయించి అయోర్టా వెడల్పు చూడటం మంచిది, ముఖ్యంగా రోగికి చిన్న వయసులో వచ్చి ఉంటే. మార్ఫాన్ ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం 50 శాతం. పైభాగం 5.5 సెంటీమీటర్లు దాటితే, మార్ఫాన్ ఉన్నవాళ్లలో 5 దగ్గరే, చీలకముందే ఆపరేషన్ చేస్తారు. ముందుగా అనుకుని చేసే ఆ ఆపరేషన్‌లో ముప్పు చాలా తక్కువ. ఇంట్లో పెళ్లీడు ఆడపిల్లకు అయోర్టా వెడల్పుగా ఉందని తేలితే గర్భం రాకముందే గుండె డాక్టర్‌నూ, గైనకాలజిస్టునూ కలవండి. ఆ అమ్మాయి ఎకో రిపోర్టును రోగి ఫైలుతో కలపకుండా, తన పేరు మీద వేరే ఫైలు పెట్టండి. రేపు కాన్పుకు వెళ్లినప్పుడు అది తన చేతిలోనే ఉండాలి.